ఐసుపెట్టెలో వచ్చిన గొట్టం

రక్తపరీక్షల గది కిటికీకి లోపల ల్యాబు మనిషి, బయట చేపల వ్యాపారి. మధ్యలో ఒక రిపోర్టు. ఆవిడ ఇవ్వదు, ఆయన కదలడు.

“సంతకం గీకడానికి ఎంతసేపమ్మా? మిగతా పరీక్షలన్నీ అయిపోయాయి, ఇదొక్కటే తేలాలన్నారు డాక్టరుగారు. రేపట్నుంచి మావాడికి మందు ఎక్కిస్తారు.”

“ఏం మందో తెలుసా అన్నా?”

“తెలుసు. వాడి ఎముకల్లో మూలుగంతా చంపేసి, వాళ్ళక్కది ఎక్కిస్తారు. ఐదేళ్ళ పిల్లాడు. మళ్ళీ నాచేత చెప్పించకు.”

“అందుకే ఆపాను. మీవాడి రక్తంలో తెల్ల కణాలకి మెరిసే పూసలు వేశాను. ఒంట్లోకి రోగప్పురుగు వస్తే గుటుక్కున మింగే కణాలవి. అరగంట వెచ్చగా ఉంచితే తలా నాలుగైదు పూసలు మింగాలి.”

“మింగలేదా?”

“వందలో మూడే మింగాయి.”

“సరిగ్గా చూశావా?”

“పైపైన అంటుకున్న పూసల మెరుపు నీలం రంగు పోసి ఆర్పేసి మరీ చూశాను. పక్కనే నా రక్తమూ పెట్టాను. నావి తిండిపోతుల్లా మింగాయి.”

“అయితే రోగం ఉన్నట్టేగా! రాసిచ్చెయ్.”

“మీవాడి కణాలు మింగకపోవడమే కాదన్నా, అసలు కదలట్లేదు. బిగుసుకుపోయి పడున్నాయి. రక్తం గొట్టం ఎలా తెచ్చావు?”

“బండి మీద.”

“బండి మీద ఎలా?”

“జాగ్రత్తగా.”

“అన్నా!”

“కన్నబిడ్డ రక్తం తల్లీ, ఎండలో తెస్తానా? వాడున్న ఆసుపత్రి నుంచి ఇక్కడికి మూడు గంటల దారాయె. నా పెట్టెలో పెట్టా.”

“ఏ పెట్టె?”

“చేపల పెట్టె. కడిగాలే! నా పెట్టె సంగతి నీకు తెలీదు. అందులో పెట్టిన చేప మూడోనాడు కూడా కళ్ళు తిప్పి నన్నే చూస్తుంది. ఓసారి ఒకావిడ మరీ తక్కువకి బేరమాడితే, తోకతో ఒక్కటిచ్చింది!”

“ఐసు వేశావా?”

“నిండుగా.”

“అయ్యో, అన్నా! అంతసేపు ఐసులో ఉంటే మొద్దుబారిపోతాయి, తర్వాత వెచ్చబెట్టినా లేవవు. మామూలుగా జేబులో వేసుకు రావాలి. గొట్టానికి చీటీ అంటించారుగా, చదవలేదా?”

“చదువొస్తే చేపలెందుకు మోస్తాను? అంటే... అంటే, మావాడు బాగున్నట్టా?”

“తెలీదు. బాగుండొచ్చు. మళ్ళీ రక్తం తీయించి, ఐసు లేకుండా పట్రా. ఈ కాగితం చింపేస్తున్నా.”

“చింపు తల్లీ, చింపు! నీ చేతులకి దండం పెడతా... ఆగు.”

“ఏంటి?”

“మొన్నొక పాపకి రాసిచ్చావు చూడు. మావాడి పక్క మంచం.”

“అవును, ఆ కణాలూ మింగలేదు. సంతకం నాదే. ఏం?”

“వాళ్ళ నాన్నకి బండి లేదమ్మా.”

“అన్నా...”

“నా పెట్టెలోనే తెచ్చా. పాపకి ఇవాళ పదింటికి మందు మొదలన్నారు. టైమెంత?”