పుస్తకంలో లేని మాట

హాలిఫాక్స్ ఊళ్ళో ఒక ఇంట్లో, ఓ పాత ప్రేమ నవలను నాలుగోసారి తెరకెక్కించిన సీరియల్ అప్పుడే అయిపోయింది. ముసలి భార్య టీవీ కట్టేసి మొగుడి వైపు తిరిగింది.

“ఇందులోనూ ఆ మాట లేదు.”

“ఏ మాట?”

“‘నీ కిటికీలో దీపం ఆరేదాకా కదలను.’ పెళ్ళికి ముందు నాకు రాశావు. నవలలోదన్నావు. నవలంతా గాలించాను, లేదు.”

“మొదటి సినిమాలోదేమో.”

“అందులోదే. నిన్న చూశాను. అది మన ఊళ్ళో ఆడింది ఒక్క వారం. అప్పుడు నేను గవదబిళ్ళలతో మంచం మీదున్నాను. ఎవరితో వెళ్ళావు?”

“ఒక్కణ్ణే.”

“ఆ ఏడాదంతా మా అక్క మ్యూరియల్ నిద్రలో ఆ మాటే కలవరించేది. పుస్తకం ముట్టి ఎరగదు అది.”

“టీ పెట్టుకొస్తా.”

“కూర్చో. దీపం ఆరేదాకా కదలనన్నావుగా!”