తిరిగే తల్లికి బంగారు రేకు

ఉదోన్ పట్నం దారిలోని చక్కెర మిల్లులో టర్బైన్ మూడో రోజూ ఆగిపోయింది. చెరకు లారీల వరస గేటు దాటి రోడ్డెక్కింది. వేగం కొలిచే సర్క్యూట్‌ను మళ్లీ విప్పి కూర్చున్న ప్రానోమ్‌కు ఏడుపొక్కటే తక్కువ. పక్కన ముసలి ఫిట్టరు చూయ్ టార్చి పట్టుకున్నాడు.

"ఇందులో తప్పుంటే ఈ స్క్రూడ్రైవర్ మింగేస్తా బాబాయ్!"

"మింగకమ్మా, మనకున్నది అదొక్కటే."

"నవ్వించకు. షాఫ్టు మీద మెరిసే పట్టీ ఒక్కటే. అది ఒకసారి మెరిస్తే ఒక చుట్టు. మొన్నా నిన్నా రెట్టింపు వేగం చూపించింది, ఇవాళ మూడింతలు! హద్దు దాటిందని మిషన్ను ఆపేస్తోంది. మేనేజరేమో రేపట్నుంచి నన్ను రావద్దంటున్నాడు."

"అయ్యో. నా వంతు నేనూ చేస్తూనే ఉన్నానే."

"ఏం చేశావ్?"

"మొన్న గానుగ మొదలెట్టే ముందు పూజలో బంగారు రేకు అంటించానా, అయినా ఆగింది. నిన్న ఇంకోటి అంటించి దండం పెట్టుకున్నా."

"ఎక్కడ అంటించావ్?"

"ఎక్కడేంటి, ఈ టర్బైన్ తల్లి ఒంటి మీదే. షాఫ్టుకి."

ప్రానోమ్ టార్చి లాక్కుని షాఫ్టు మూత ఎత్తింది. పట్టీకి అటొకటి, ఇటొకటి, రెండు రేకులు తళతళలాడాయి.

"బాబాయ్! నీ రేకుల్ని కూడా చుట్లనుకుంటోంది ఇది! ముందు వాటిని గీకెయ్."

"తల్లి ఒంటి మీది బంగారం ఒలవడమా? పాపం!"

"చెరకు లారీల్లోనే ఎండిపోతే పుణ్యమా?"

చూయ్ నసుగుతూ జేబులోంచి మూడో రేకు తీశాడు.

"మరి ఇవాళ్టిది?"

"ఆ గోడకు అంటించు. ఇకనైనా తిరగని దానికి మొక్కు!"