క్రిస్మస్ లైన్లో కృష్ణమోహన్

కృష్ణమోహన్ కోతలు కొయ్యడం మానేసి అప్పటికి పధ్నాలుగు నెలలైంది. న్యూయార్క్ దగ్గరి పార్సిప్పనీలో ఆయన్ని ఎరిగిన తెలుగువాళ్ళకి ఈ మాట చెబితే ముందు నమ్మరు, తర్వాత ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఆయన చెప్పే కథల్లో చినుకు పడితే తుఫానయ్యేది, ఆ తుఫాను ఆయన్ని చూసి దారి మళ్ళేది. కథ మరీ మబ్బుల్లోకి పోయినప్పుడు భార్య వసుమతి, "చాల్లెండి, ఇక దిగండి," అనేది. అందరూ గొల్లుమనేవాళ్ళు. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వేవాడు.

ఆ నోరు మూతపడడానికి కారణం తనేనని వసుమతి దిగులు. కిందటేడు, అంటే రెండు వేల తొమ్మిది దీపావళికి, స్నేహితులింట్లో ఆయన తన ఉద్యోగం కథ ఎత్తుకున్నాడు. తనే రాజీనామా చేశాడట, మేనేజరు పార్కింగ్ లాట్ దాకా వెంటపడి బతిమాలాడట. వసుమతి అలవాటు కొద్దీ, "బతిమాలలేదండీ, బ్యాడ్జి తీసుకుని పంపించేశారు," అనేసింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆయన ప్లేటు పక్కన పెట్టి కోటు వేసుకున్నాడు. ఆరు నెలలకి ఇంకో ఉద్యోగం దొరికింది గానీ కథలు మాత్రం తిరిగి రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆఫీసులో ఏమిటి సంగతులంటే, "ఏముంది, మామూలే," అనేవాడు. దేవుడా, ఈయన చేత ఒక్క అబద్ధం చెప్పించు, అని ఆవిడ మొక్కుకోని రోజు లేదు.

డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం శ్యామ్‌సుందర్ వచ్చాడు. వరంగల్ మనిషి, పాత ఆఫీసు స్నేహితుడు. వెంట భార్య రేణు, హైస్కూల్లో చదివే కూతురు ఇషా. ఆయన చేతిలో దారంతో కట్టిన తెల్లటి అట్టపెట్టె. ఇటాలియన్ స్వీట్లంటే ఆ ఇద్దరు మగాళ్ళకీ ప్రాణం. ఇద్దరూ శాకాహారులే. కాకపోతే బేకరీలో గుడ్డు సంగతి అడగకూడదని వాళ్ళ మధ్య ఎప్పుడో ఒప్పందం కుదిరింది. పెట్టె విప్పితే లోపల కనోలీలు, వేయించిన గొట్టాల్లో తియ్యటి జున్ను కూరినవి. వాటి పక్కన పొరలు పొరలుగా విచ్చుకున్న గవ్వలాంటి స్వీటు. దాని పేరు నోరు తిరగక అందరూ వేలితో చూపించే కొంటారు.

ఇషా ఒకటి కొరికింది. పొరలు పొడిపొడిగా స్వెటర్ మీద రాలాయి.

"ఆంటీ, ఇది కాజాలాగా ఉంది!"

టీ కప్పులోకి చూస్తూ కూర్చున్న కృష్ణమోహన్ గొంతు సవరించుకున్నాడు.

"కాజాలాగా ఏవిటమ్మా, కాజాయే. ఆ మడత కిటుకు వాళ్ళకి చెప్పింది నేనే."

రెండో విడత టీ వడగడుతున్న వసుమతి చెయ్యి ఆగిపోయింది. వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. ఈ రోజు ఈయన ఆకాశానికి నిచ్చెన వేసినా సరే, తను నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకుంది.

"రెండు వేల నాలుగు, క్రిస్మస్ ముందు రోజు," అన్నాడు కృష్ణమోహన్. "డజను కనోలీలు కొందామని వెళ్ళానండీ. లైను వీధి మలుపు దాకా ఉంది. నా చేతిలో తొంభై నాలుగో నంబరు చీటీ. రెండు గంటలు నిలబడ్డాను. ముక్కుందో ఊడిపోయిందో తడిమి చూసుకోవాల్సినంత చలి."

"గిది నమ్మొచ్చు," అన్నాడు శ్యామ్‌సుందర్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపలికెళ్ళేసరికి బేకరీ ముసలాయన తల పట్టుకుని కూర్చున్నాడు. పిండి చుట్టే మనిషి ఐసు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. బయట చూస్తే రెండొందల మంది జనం. నాకు మనసాగలేదు. తాతా, పక్కకి జరుగు, మాది తాపేశ్వరం పక్క ఊరు అన్నాను."

"ఏ భాషల అన్నవ్ అన్నా?"

"తెలుగులోనే. కష్టంలో ఉన్నవాడికి ఏ భాషైనా అర్థమవుతుంది. సరే, పిండి సాగదీశాను. ఎంత పల్చగా అంటే, కింద పేపరు పెడితే పైనుంచి చదువుకునేంత పల్చగా. బల్ల చాల్లేదు, వెనక తలుపు తీయించాను. పార్కింగ్ లాట్ చాల్లేదు. పిండి రూట్ ఫార్టీ సిక్స్ హైవే ఎక్కేసింది."

"అయ్యో, ట్రాఫిక్ ఏమైంది అన్నయ్యగారూ?" అంది రేణు.

"ఆపారు కదమ్మా పోలీసులు! ఒక పోలీసాయన ఆ పిండి గుండానే నా కారు అద్దం చూసి, సార్, మీ ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ ఎక్స్‌పైర్ అయింది అన్నాడు. పిండి చూశారా ఎలా కుదిరిందో! అలా పది మైళ్ళ అవతలి డోవర్ దాకా సాగదీసి, అక్కణ్ణుంచి జనమంతా చెయ్యేసి చుట్టుకుంటూ వచ్చాం. మధ్యలో వెన్న రాయాలి గదా. మంచు పడితే రోడ్డు మీద ఉప్పు చల్లే ట్రక్కు వస్తుంది చూడండి, దాంట్లో ఉప్పు దింపించేసి వెన్న పోయించాను."

ఇషా పకపకా నవ్వింది. "ఓ మై గాడ్, అంకుల్!"

రూట్ ఫార్టీ సిక్స్ దగ్గరే వసుమతి నాలిక చివరిదాకా మాట వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది. కృష్ణమోహన్ ఒకసారి వంటింటి వైపు చూసి, మళ్ళీ అందుకున్నాడు.

"లోపల పెట్టడానికి జున్ను కావాలి. పార్సిప్పనీలో ఉన్న పాలన్నీ తెప్పించి స్విమ్మింగ్ పూల్‌లో పోసి నిమ్మకాయలు పిండాం."

"డిసెంబర్‌ల పూల్ బంద్ ఉంటది గదన్నా?"

"తెరిపించాం. చుట్ట ఎంతయ్యిందంటే వాటర్ ట్యాంకంత. మరి పైన పంచదార పొడి చల్లాలా వద్దా? అంతెత్తున ఎలా చల్లుతాం? హెలికాప్టర్. మా ఇంట్లో పిండి జల్లెడ పట్టుకుని ఎక్కాను."

మళ్ళీ వంటింటి వైపు చూశాడు. వసుమతి పెదవి విప్పలేదు.

"ఎక్కి... చల్లుకుంటూ పోయాం. న్యూయార్క్ మీదుగా... సముద్రం మీదుగా. పోగా పోగా ఇటలీ కనిపించింది. అక్కడ జనమంతా డాబాలెక్కి చేతులూపుతున్నారు." గొంతు పల్చబడింది. "ఆ తర్వాత... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది అంకుల్?" అంది ఇషా.

ఏమైందో ఆయనకీ తెలియదు. రేణు కప్పులోకి చూసుకుంటోంది. శ్యామ్‌సుందర్ ముఖాన, హాస్పిటల్లో పేషెంటును పలకరించడానికి వచ్చినవాళ్ళు నవ్వే నవ్వు. అప్పుడు వసుమతి భర్త కళ్ళల్లోకి చూసింది. ఆ కళ్ళల్లో బెరుకు లేదు. నిచ్చెన చివరకెక్కినవాడు కింద పట్టుకున్న మనిషి ఉందా లేదా అని వెతుక్కుంటున్నట్టుంది ఆ చూపు.

అయ్యో, ఇన్నాళ్ళూ ఎంత పొరబడ్డాను, అనుకుంది. ఆ దీపావళి రోజు ఆవిడ చేసింది కథ ఆపడం కాదు, దెబ్బ తిన్న మనిషిని నలుగురిలో మళ్ళీ కొట్టడం. మామూలు కోతలప్పుడైతే, ఆవిడ ఆపకపోతే ఆయన ఒక్క కథా ముగించలేడు. ఎప్పుడూ ముగించనే లేదు.

టీ ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది.

"హెలికాప్టర్ దిగండి, టీ చల్లారిపోతుంది. రెండు గంటలు లైన్లో నిలబడ్డ మాట నిజమే ఇషా. నేను కార్లో కూర్చుని చూస్తూనే ఉన్నాను. అయితే అది బేకరీ లైను కాదు."

కృష్ణమోహన్ కప్పు అందుకోబోయి ఆగాడు.

"పక్క షాపు లైను. ఆ రోజు ఇటాలియన్లు ఏడు రకాల చేపలు వండుకుంటారట. బేకరీ అనుకుని ఈయన నిలబడ్డది చేపల కొట్టు ముందు. కౌంటర్ దగ్గరికి వెళ్ళాక గానీ తెలియలేదు. వెనకాల అంత జనం, వద్దంటే ఏమనుకుంటారో అని మొహమాటం. ఎన్ని పౌండ్లు అని అడిగితే రెండు అన్నారట. జన్మలో చేప ముట్టని మనిషి, పండక్కి రెండు పౌండ్ల ఉప్పు చేప చంకలో పెట్టుకొచ్చారు! అంత చలిలో కారు అద్దాలు నాలుగూ దించుకుని ఇంటికొచ్చాం. పారెయ్యడానికి ప్రాణమొప్పక, అప్పుడు మా అపార్ట్‌మెంటు కింద ఉండే ఇటాలియన్ ముసలావిడకి ఇచ్చొచ్చారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆ ఏడు ఆవిడకి చేప తెచ్చిపెట్టేవాళ్ళు లేరట. తేనెలో ముంచిన ఉండలు పళ్ళెం నిండా పంపింది. మీరు తెచ్చిన ఇలాంటి స్వీట్ల పిచ్చి ఈయనకి ముదిరింది ఆ పళ్ళెంతోనే."

మళ్ళీ తప్పు చేశానా, ఇప్పుడు లేచి కోటు వేసుకుంటారా అని వసుమతి భయపడింది.

ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. ఆ తర్వాత పధ్నాలుగు నెలలుగా ఆ ఇంట్లో వినపడని నవ్వు వినపడింది. శ్యామ్‌సుందర్ తొడ చరుచుకుని నవ్వాడు. రేణు కప్పు కింద పెట్టేసి నవ్వింది. వసుమతి పైట చెంగుతో కళ్ళొత్తుకుంది, ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు.

"అబద్ధం," అన్నాడు కృష్ణమోహన్, ఊపిరి తీసుకుంటూ. "నమ్మకు ఇషా. రెండు పౌండ్లు కాదు."

"మరి ఎన్ని అంకుల్?"

"నలభై! కార్లో పట్టలేదు. తల మీ ఆంటీ ఒళ్ళో పెట్టాం, తోక వెనకద్దంలోంచి బయటికి. దారిలో ట్రక్కులవాళ్ళు హారన్లు కొడితే ఆ చేప తోక ఊపి సిగ్నల్ ఇచ్చింది..."

అక్కడాగి, భార్య వైపు చూశాడు. తీరిగ్గా, ఎంతసేపైనా ఆగగలిగినవాడిలా చూశాడు.

"చాల్లెండి," అంది వసుమతి.