మైకు డాక్టరు సీటు కొట్టిన వైనం

"మార్కుల సంగతా? నన్నడుగు చెల్లెమ్మా! ఐదేళ్ల చదువులో ఫస్టు క్లాసు అనేది నా గుమ్మం తొక్కితే ఒట్టు. ఎనాటమీ రెండుసార్లు రాశాను, అదీ సరదాకి కాదు. అయినా సైకియాట్రీ సీటు వచ్చిందా లేదా? ఇదిగో, నీ ముందే కూర్చుని టీ తాగుతున్నాను."

ఆస్పత్రి వెనక టీ కొట్టులో, బల్ల మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టాడు మైకు డాక్టరు. సైకియాట్రీలో రెండో ఏడు పీజీ. ఆ పేరు పెట్టింది వార్డులో పేషెంట్లే. ఎదురుగా హౌస్ సర్జన్ పిల్ల ఫైలు గుండెకి హత్తుకుని గోళ్లు కొరుక్కుంటోంది. పదకొండింటికి అదే సీటుకి ఆమె ఇంటర్వ్యూ, మార్కులేమో అంతంతమాత్రం. పక్కన వార్డు సిస్టరమ్మ, డ్యూటీ దిగి టీ ఊదుకుంటోంది.

"ఏం చేశారన్నా?" అంది పిల్ల.

"ఏముంది! లోపలికెళ్లాను. ఐదుగురు పెద్దలు. చీఫ్ గారు 'సైకియాట్రీయే ఎందుకయ్యా?' అన్నారు. నేను జవాబు చెబితేగా! ఆయన కళ్లకేసి చూసి, 'సార్, నిద్ర పడుతోందా?' అన్నాను. అంతే, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి భోరుమన్నారు."

"చీఫ్ గారే? ఆయన నవ్వగా కూడా చూళ్లేదే!" అన్నాడు టీ కొట్టాయన.

"నవ్వనివాళ్లే బాబాయ్, ముందు ఏడ్చేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కాయన 'ముందు నన్ను చూడు నాయనా' అన్నాడు. ఇంకొకాయన 'నేను ముందొచ్చాను' అన్నాడు. కొట్టుకుంటారేమోనని ఐదుగురికీ నేనే టోకెన్లిచ్చాను. ఈలోగా సర్జరీ పెద్దాయన..."

"మీ ఇంటర్వ్యూలో ఆయనకేం పని?"

"అడ్డు రాకు బాబాయ్. తలుపు సందులోంచి విని వచ్చాడు. ఇంట్లో ఆవిడతో పదకొండేళ్లుగా మాటల్లేవట. మూడంటే మూడు ముక్కలు చెప్పాను, అక్కడికక్కడే ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆవిడ మాట ఆపడం లేదని మళ్లీ నా దగ్గరికే వస్తున్నాడు, అది వేరే సంగతి. ఇంకేం, వార్త పాకింది. వరండా నిండింది, మెట్లు నిండాయి, లైను గేటు దాటి బస్టాండు దాకా పోయింది. డ్రైవర్లు బస్సులు ఆపి లైన్లో నిలబడ్డారు. వాళ్లని తిట్టడానికి దిగిన ప్రయాణికులూ వాళ్ల వెనకే నిలబడ్డారు. సాయంత్రానికి ఊరు ఊరంతా కడుపులో ఉన్నది చెప్పేసుకుని, తేలికపడి, నిద్రపోయింది. ఎంతసేపనుకున్నావు? మూడు రోజులు! దొంగలు తాళం సగం పగలగొట్టి గుమ్మంలోనే గుర్రు పెట్టారు. కోళ్లు కూయలేదు. సూర్యుడు రెండుసార్లు తొంగిచూసి, ఎవరూ లేవకపోతే..."

"వెనక్కెళ్లిపోయాడా?" పిల్ల గోళ్లు వదిలేసి పకపకా నవ్వింది.

"వెళ్లడా మరి! ఆయనకి మాత్రం విశ్రాంతి వద్దూ? నాలుగో రోజు చీఫ్ గారు లేచి, ఆవులించి, 'సీటేం ఖర్మ నాయనా, నా కుర్చీయే తీసుకో' అన్నారు. వద్దన్నాను. ఆ కుర్చీ కిర్రుమంటుంది."

అందరూ నవ్వారు. అంతలోనే పిల్ల మొహం చిన్నబోయింది. "మీకు మాటలొచ్చు కాబట్టి సరిపోయిందన్నా. నాకు నలుగురిలో నోరు పెగలదు. మార్కులూ లేవు, మాటలూ లేవు. ఈ సీటు నాకు రాదు."

సిస్టరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఆ రోజు గుమ్మం దగ్గర పేర్లు పిలిచింది నేనేనమ్మా. ఈ మహానుభావుణ్ణి మూడుసార్లు పిలిచాను, పలకలేదు. వెతికితే వరండా చివర బెంచీ మీదున్నాడు. కొడుకుని మా వార్డులో చేర్చిన ఒక పెద్దావిడ ఏడుస్తూ చెప్పుకుంటోంది, ఈయన వింటున్నాడు. ఫైలు కింద పడి కాగితాలు ఎగిరిపోతున్నా చూసుకోలేదు. గంటన్నర! ఆఖరికి చీఫ్ గారే బయటికొచ్చి, కాసేపు వెనక నిలబడి, 'ఇతన్నింక పిలవకండి' అని లోపలికెళ్లి లిస్టులో టిక్కు పెట్టేశారు."

మైకు డాక్టరు ఖాళీ గ్లాసులోకి తొంగిచూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గంటన్నరా!" అంది పిల్ల. "ఆవిడతో ఏం మాట్లాడారన్నా?"

"ఏం మాట్లాడలేదమ్మా," అంది సిస్టరమ్మ. "ఈయన నోరు మూసుకోగా నేను చూసింది పుట్టి బుద్ధెరిగాక ఆ ఒక్కసారే. సీటిచ్చిందీ దానికే."