మోత ఆగినప్పుడు

సిరిసిల్ల ఫంక్షన్ హాల్లో, స్టేజీ తెర వెనక, మెకానిక్ బేస్ గిటార్‌ను మోగించే ఆంప్ ముందు కూర్చున్నాడు. పక్కనే దీప్తి తండ్రి. తెర అవతల గిటార్‌తో దీప్తి.

“జుయ్యిమని ఒక్కటే మోత. ఇంటికాడ నేత సాంచలది, మరమగ్గాలది అనుకున్న. ఈడ సాంచల్లేవాయె!” అన్నాడు తండ్రి.

“మీ బిడ్డ తీగెలు పడితే ఆగుతదా?”

“ఆగుతదన్నా.”

“ప్లగ్గుకు ఎర్త్ పిన్నేది?”

“గట్లనే అచ్చింది.”

“కోసినట్టున్నది. ఎర్త్ లేకుంటే, తీగెలు పట్టుకొని మైక్ ముట్టినోళ్లకు షాక్ కొడతది. పాట ఎవలు పాడుతరు?”

తండ్రి తెర వైపు చూశాడు. “గా పొల్లనే.”

అంతలో మోత ఆగిపోయింది. అంటే దీప్తి తీగెలు పట్టుకుంది. తండ్రి ఒక్క ఉదుటున ఆంప్ ప్లగ్గు లాగిపారేశాడు.

“పిన్ను నేనే కోసిన. ఇంట్ల బోర్డుకు రెండే బొక్కలుండె.”

మైకులో దీప్తి గొంతు సంబరంగా వినిపించింది.

“బాపూ, మోత పోయింది!”