కుట్టుమిషను వాపసు

హలో… ఆ, నేనే, వదినని. ఎక్కడున్నావ్? … ఆ చప్పుడేంటి, బండా? అప్పుడే బయల్దేరిపోయారా? మిషను కూడా ఎక్కించేశారా?

ఆపించు. ముందు బండి ఆపించు తల్లీ… లేదు, కొట్టుకి వెళ్ళాక కాదు, ఇప్పుడే. ఓ పక్కన ఆపమను. బండివాడు తెలిసినవాడేగా, కాసేపు ఆగితే కరిగిపోడు.

ఆగిందా? … తమ్ముడేడి? … వెనకాల మిషను పట్టుకుని కూర్చున్నాడా. కూర్చోనీ. వాడికివ్వకు ఫోను. వాడైతే నాకు "సరే అక్కా" అంటాడు, నీకు "సరేనే" అంటాడు. ఆ రెండు సరేల మధ్యన మనిద్దరం ఎన్నేళ్ళుగా నలుగుతున్నామో మనకే తెలుసు.

విను. పొద్దున బ్యాంకుకి ఫోన్ చేశా… ఏం లేదు, మిషను వెనక్కి ఇచ్చేస్తున్నాం అని నువ్వు నిన్న చెప్పావు చూడు, అప్పట్నుంచి మనసులో ఏదో పీకుతూనే ఉంది. డబ్బు మళ్ళీ నా కార్డులోకే వచ్చేస్తుంది కదా, బాధేముంది అనుకున్నా. అయినా అడిగితే పోయేదేముందని అడిగా. అడిగాకే తెలిసింది, ఏం పోతుందో.

… చెప్తున్నా, కంగారుపడకు. క్రెడిట్ కార్డు ఇచ్చేటప్పుడు ఏమన్నారు వాళ్ళు? మూడు నెలల్లో లక్ష ఖర్చుపెడితే పన్నెండు వేలు మాఫీ అన్నారు. అవునా? మా ఇంట్లో లక్ష ఎక్కడవుతుంది? అందుకేగా నీ మిషను నా కార్డు మీద కొన్నది, నెలనెలా మీరు నాకు కట్టేట్టు. దాంతో లక్ష దాటింది. బిల్లులో పన్నెండు వేలు తగ్గించారు. ఆ మిగిలిన డబ్బే అమ్మకి చెవి మిషను అయింది… ఆ, అంతవరకూ నీకు తెలిసిందే.

తెలియనిది ఇదీ. నువ్విప్పుడు మిషను తిరిగిచ్చి రిఫండ్ తీసుకుంటే, అసలు కొననట్టే లెక్కంట. ఆ నలభై వేలూ మన ఖర్చులోంచి తీసేస్తారంట. అప్పుడు లక్షకి కింద పడతాం. లక్ష లేదంటే పన్నెండు వేలూ లేవు. వచ్చే బిల్లులో కలిపి వెనక్కి లాక్కుంటారు… నేనూ అదే అన్నా. ఒకసారి ఇచ్చింది మళ్ళీ ఎలా తీసుకుంటారమ్మా అన్నా. "మీరు కొన్నది మళ్ళీ ఇచ్చేస్తున్నారు కదండీ" అంది ఆ పిల్ల. మర్యాదగానే అంది.

… ఇంకేదైనా కొందామంటే గడువు పోయిన వారంతో అయిపోయింది. ఇప్పుడు బంగారుకొండ కొన్నా లెక్కలోకి రాదు.

మీ అన్నయ్యకా? … చెప్పలేదు. ఏమని చెప్పను? ఫ్యాక్టరీలో షిఫ్టులు సగానికి తగ్గించారు, మనిషి అసలే ముభావంగా ఉంటున్నారు. "ఊరికే ఎవడూ ఏదీ ఇవ్వడే, ఈ కార్డులు మనకొద్దు" అని మొదట్లోనే అన్నారు. ఇంటి డబ్బులో చిల్లిగవ్వ ముట్టుకోనని మాటిచ్చి తీసుకున్నా. ఇప్పుడు పన్నెండు వేల బిల్లు పట్టుకెళ్ళి ఆయన కంచం పక్కన పెట్టనా?

… అమ్మా? ఇక్కడే, బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడ లోకం ఆవిడది. నువ్వు మాట మార్చకు.

బండి వెనక్కి తిప్పించు తల్లీ… తెలుసు. ఇవాళ దాటితే కొట్టువాడు తీసుకోడు, తెలిసే అడుగుతున్నా. కంపెనీవాడి చేత బాగుచేయిద్దాం… నెలా? ఓ మోటారు చూడ్డానికి నెలా? … స్కూలు యూనిఫాంలు. అవును, ఆ ఆర్డరు ఉంది కదూ. పాత మిషను మీద లాగించలేవా? ఇన్నాళ్ళూ దానిమీదే కదా కుట్టావు…

ఆ మాటెందుకు? నీ కష్టం నాకు లెక్కలేదని ఎప్పుడన్నాను? … సరే. అన్నట్టే ఉంది. వదిలెయ్.

పోనీ ఇది తీసుకుని ఇంకొకటివ్వమంటే? మారిస్తే ఇబ్బంది లేదంట, కొన్నది కొన్నట్టే ఉంటుందంట, అదీ అడిగా… ఆ రకం రావడమే మానేసిందా? … వేరేది నీ పనికి పనికిరాదా. ఊఁ. మనం సముద్రానికి పోతే మోకాలి లోతే.

అయితే ఇంకో దారుంది. — తమ్ముడు చెప్పలేదూ? చెప్పడు. వాడు ఇలాంటివి నా చెవిలో వేసి నీ దగ్గర మంచివాడైపోతాడు. వాపసు సంగతి అడిగితే కొట్టులో గుమాస్తా అన్నాడంట, రిఫండ్ అని రాయకుండా డబ్బు చేతికే ఇచ్చేస్తానని. రెండు వేలు తను ఉంచుకుంటాడు. మిషను ఇంకెవరికో అంటగట్టేస్తాడు. కార్డులో ఏమీ పడదు కాబట్టి బ్యాంకుకి తెలిసే దారి లేదు…

… తప్పే. తప్పు కాదని నేనన్నానా? కానీ అంత పెద్ద బ్యాంకుకి పన్నెండు వేలు ఒక లెక్కా? మనమేం కన్నం వేస్తున్నామా? …

అను. పొద్దున్నే దేవుడి ముందు కూర్చునే మనిషివి అని, అదేగా? అను, నువ్వు కాక ఎవరంటారు. … కూర్చున్నా. ఇవాళా కూర్చున్నా. కళ్ళు మూసుకుంటే గుమాస్తానే కనపడ్డాడు. నోట్లు లెక్కపెడుతూ. ఇంక ప్రార్థనేం చేస్తాను, లేచి వచ్చి స్టవ్వు వెలిగించుకున్నా.

… "ఇంకెవరికో" అంటే ఎవరికని? ఏమో. ఎవరో కొనుక్కుంటారు… నీలాంటిదే ఇంకొకతి. అవును. అక్కడిదాకా నేను ఆలోచించలేదు.

అసలు దానికొచ్చిన రోగమేంటి? ఆగాగి తిరుగుతోందనేగా అన్నావు? అంతమాత్రానికి — నిజం చెప్పు, వేరే చోట చవగ్గా దొరికిందా? … కోపం తెచ్చుకోకు, అడిగా. మరదల్ని ఆ మాత్రం అనకపోతే నన్ను వదినని ఎవరంటారు…

ఏంటి? షాకేంటి? … ఎవరికి, నీకా? … ఏ చెయ్యి?

కుడి చెయ్యా.

ఎప్పుడు? … మొన్నా? మొన్నట్నుంచి నాతో ఎన్నిసార్లు మాట్లాడావు? ఆగాగి తిరుగుతోందన్నావు, రంగు బాలేదన్నావు, ఇది ఒక్కటీ చెప్పలేదేం? … ఏమనుకుంటానని? … "వదిన తన కార్డు మీద ఇప్పించింది, వంకపెట్టినట్టుంటుంది" అనా. ఓసి పిచ్చిదానా.

వేళ్ళు వంగుతున్నాయా? … రెండు వేళ్ళు వంగట్లేదా? కత్తెర పట్టుకోగలవా? … మరి ఇందాకట్నుంచి నేను పాత మిషను మీద కుట్టు కుట్టు అంటుంటే "వీలుకాదు వదినా" అని ఊరుకుంటావేం? … డాక్టరుకి చూపించావా? … కాలినచోట తమ్ముడు పళ్ళ పేస్టు రాశాడా. వాణ్ణి, ఆ మిషనుతో పాటు వాణ్ణి కూడా వాపసు ఇచ్చెయ్యాలి.

… లేదు, ఏడవట్లేదు. ఎన్ని మాటలన్నాను నిన్ను.

ఒక్క నిమిషం. అమ్మ లేచి వస్తోంది. — ఏంటమ్మా, నీళ్ళా? … అమ్మా, అదెందుకు తీస్తున్నావు? దురద పెడుతోందా? … అమ్మా?

…

హలో. విన్నది. మొత్తం విన్నది… ఎలాగేంటి, చెవి మిషను పెట్టుకుని వారం కాలేదుగా. ఇన్నేళ్ళూ ఆవిడ పక్కనే కూర్చుని ఆవిడ మీదే చాడీలు చెప్పినదాన్ని. పక్కన గోడ ఉన్నట్టు. అలవాటైపోయింది. పెట్టించిందీ నేనే, పెట్టానని మర్చిపోయిందీ నేనే.

… చెవిలోంచి తీసింది. చీర కొంగుతో తుడిచి, డబ్బాలో సర్దింది. తెచ్చి నా ముందు పెట్టింది. "దీన్ని కూడా ఆ బండిలోనే పంపించు. కుట్టేదానికి చెయ్యి కావాలి గానీ, బఠాణీలు ఒలిచేదానికి చెవులెందుకు" అంటోంది. అనేసి మళ్ళీ వెళ్ళి పీట మీద కూర్చుంది. తొక్కలు గిన్నెలో వేస్తోంది, గింజలు కింద పోస్తోంది. చూసుకోవట్లేదు.

… నువ్వూ మొదలెట్టకు. రోడ్డు మీద ఏడిస్తే నలుగురూ తమ్ముణ్ణి తంతారు.

చెప్పేది విను. బండి కొట్టుకే పోనీ. మిషను ఇచ్చెయ్యి. రిఫండ్ అనే రాయించు, డబ్బు కార్డులోకే వెయ్యమను. గుమాస్తాతో కాదు, యజమానితో మాట్లాడు. షాకు కొట్టిందని నీ చెయ్యి చూపించి చెప్పు, ఇంకొకరికి అమ్మకుండా. చెప్పి, అక్కణ్ణుంచి తిన్నగా డాక్టరు దగ్గరికి. తమ్ముడు సరే అంటే సరి, అనకపోతే నాకివ్వు ఫోను.

… పన్నెండు వేలా? మీ అన్నయ్యకి చెప్తా. సాయంత్రం రాగానే చెప్తా. తిడతారు. ఆయన తిట్లకేం, పప్పు పొయ్యి మీదున్నంతసేపే… వద్దు, నువ్వు సగం ఇవ్వక్కర్లేదు. చెయ్యి బాగయ్యాక మా ఇంటికి కర్టెన్లు కుట్టిపెట్టు, మంచి గుడ్డతో. నాసిరకం తెస్తే నేనూ వాపసు ఇస్తా.

… ఆ. నవ్వావు, అది చాలు.

ఏంటీ? … అమ్మతోనా? ఆవిడ నీతో ఫోన్లో మాట్లాడి ఎన్నేళ్ళయిందో… ఉండు. పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు.

అమ్మా. అమ్మా, ఇటు చూడు. ఎవరూ ఏదీ పంపించట్లేదు. ఇది పెట్టుకో… వినపడట్లేదు కదూ. గిన్నె ఇటివ్వు. తల ఇలా తిప్పు. నేను పెడతా… కదలకు. ఆ, అయింది.

నీ కోడలు. చెయ్యి కాలింది కదా, నీతోనే చెప్పుకుంటుందంట. ఇంద, పట్టుకో.

… అటు కాదమ్మా. ఈ చెవికి.