గురువారం టెర్మిన్

“గురువారం లైబ్రరీకే పోయినవా?”

జర్మనీలో, బ్రెమెన్‌లోని తమ ఇంటి వంటగదిలో శ్రీహర్ష ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. అమెరికా తొలి మహిళా న్యాయవాదుల మీద థీసిస్ రాస్తున్న అతని భార్య ఉదయశ్రీ ఈసారీ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

“చెప్పిన కదా, పోయిన.”

“లైబ్రరీ స్టేషన్ పక్కకు ఎప్పుడొచ్చింది? నువ్వు ట్రామ్ దిగంగ నేను చూసిన.”

“పదకొండింటికి నువ్వు ఆఫీసుల ఉండాలె. ఎట్ల చూసినవ్?”

“అదీ... పనుండి బయటికొచ్చిన. మాట మార్చకు. లాయర్ బోర్డున్న ఇంట్లకు పోయినవ్.”

“నా థీసిసే లాయర్ల మీద.”

“ఎప్పుడో నూటయాభై ఏండ్ల కిందటి అమెరికా లాయర్ల మీద. దానికి బ్రెమెన్‌ల లాయర్ దగ్గర టెర్మిన్, అపాయింట్‌మెంట్ ఎందుకు?”

“వాళ్లల్ల ఒకామె సంగతి చెప్తా, విను. లా పరీక్ష పాసైంది. కోర్టు లైసెన్స్ ఇయ్యలే. పెండ్లయినామె క్లయింట్లతోని సొంతంగ చేసే ఒప్పందాలు చెల్లవన్నరు.”

“నాకెందుకు చెప్తున్నవ్ ఇదంత?”

“విను ముందు. ఊకోలేదామె. లాయర్ల కోసం పత్రిక నడిపింది. ఇరవై ఏండ్లకు ఆ కోర్టే తనంతట తాను లైసెన్స్ ఇచ్చింది.”

“అప్పటికి మొగుణ్ని వదిలేసిందా?”

“లేదు. అసలు లా చదివిందే మొగుని పనిల సాయం చేద్దామని.”

“సుట్టు తిప్పకు, ఉదయా. విడాకులా?”

“నీకట్ల ఎందుకనిపిస్తుంది?”

“పది రోజుల నుంచి నా మొఖం చూస్తలేవు. ఫోన్ బోర్లేసి పెడ్తున్నవ్. నేనొస్తే ల్యాప్‌టాప్ మూస్తున్నవ్.”

“మరి నువ్వు? రోజూ పొద్దుగాల టిఫిన్ డబ్బా పట్టుకొని ఎటు పోతున్నవ్?”

“ఆఫీసుకు.”

“హర్షా...”

“ఆఫీసుకే అంటున్న కదా. నీ ల్యాప్‌టాప్ కింద ఆ ఫైలేంది? ఇటియ్యి.”

“ఇస్తా. కూసో ముందు.”

“ఇటియ్యమంటున్న. విడాకుల కాయితాలే కదా... ఏందిది? మా కంపెనీ మీద కేసా?”

“నీ కోటు జేబుల లెటర్ దొరికింది, ఉద్యోగంలకెల్లి తీసేసినమని. అది అందిన మూడు వారాలల్ల కోర్టుకు పోకపోతే ఇగ అడగనీకి ఉండదంట. నువ్వే చెప్తవని ఇన్ని రోజులు చూసిన. రేపే ఆఖరి రోజు.”